జమ్ము మడి

తెల్లారితే పేడనీళ్లు బకెట్లతో మోసి కాలవలో పోసే జగ్గమ్మకు ఇప్పుడా పని లేదు. గోబర్‌గ్యాస్ తొట్టి దాటిన నీళ్లు కంకర మడిలో నాటిన జమ్ముగడ్డి వేళ్ల మధ్యనుంచి మెల్లగా దిగిపోతున్నాయి. చేతులు మాత్రం ఊరుకోవు. కొంగు ముడేస్తుంది, విప్పుతుంది, మడి చుట్టూ తిరుగుతుంది. నిరుడు వానల్లో ఆ పేడనీళ్లే బావిలోకి ఊరి, కూతురు యమున వాంతులు, విరేచనాలతో పోయింది. ఆ తర్వాతే ఈ మడి వేశారు. మొదటివారంలో జగ్గమ్మ జమ్మును కలుపనుకుని ఒక వరస పీకేసింది. ఆ వేళ్ల దగ్గరే రోగం పురుగులు చాలావరకు చస్తాయని పశువుల డాక్టరు చెప్పాక, తానే మళ్లీ నాటింది.

ఇవాళ తోటికోడలు చూసి, "ఇల్లంతా సుబ్బరంగా ఉంచుతావు, పెరట్లో ఈ అడవేటే? పాములొస్తాయి, కోసీ" అంది.

జగ్గమ్మ కొడవలి తీసింది. తాను నాటిన వరస ఇంకా పొట్టిగానే ఉంది.

"నీ మనవలూ ఈ బావి నీళ్లే తాగుతన్నారు కదక్కా" అని, కొడవలిని మళ్లీ చూరులో దోపింది.