ఉప్పల్ నుంచి ముందే లేచొచ్చిన సాయంత్రం

పరుశురాం బంతిని వదిలేసే తీరు చూసినవాళ్లు తార్నాకలో ఇంకా కొందరున్నారు. ఆఫ్ స్టంప్ బయట పడి లేచే బంతిని ఆయన కొట్టేవాడు కాదు, ఆపేవాడూ కాదు. బ్యాటును భుజం మీదికి ఎత్తి, ఎదురొచ్చే పెద్దమనిషికి దారిచ్చినట్టు కొంచెం జరిగి, అది కీపర్ చేతుల్లోకి చేరేదాకా దాని వెంటే చూసేవాడు. ఆటగాళ్లు తాము కొట్టిన బంతులను గుర్తు పెట్టుకుంటారు. ఆయనకు వదిలేసినవి గుర్తుండేవి.

జనగామ దగ్గరి పల్లె నుంచి బీఏ చదవడానికి యూనివర్సిటీ హాస్టల్‌కు వచ్చేనాటికి ఆయనకు క్రికెట్ అంటే రేడియోలో అర్థంకాని ఇంగ్లిషు, మధ్యలో వర్షంలా కురిసే చప్పట్లు. అంతే. హాస్టల్ అంతటికీ బ్యాటు ఒక్కటే ఉండేది. అది పక్క గది పార్థసారథిది. బంతి గట్టిగా తగిలిన ప్రతిసారీ పార్థసారథి తన పన్ను పీకినట్టు మొహం పెట్టేవాడు.

"మెల్లగ భై, మెల్లగ! పగులుతది!"

ఎరువు బ్యాటుకు నొప్పి తెలియకుండా ఆడడం ఎట్లాగో అక్కడే నేర్చుకున్నాడు పరుశురాం. చేతులు వదులు చేసి, బంతి వచ్చి బ్యాటు మీద వాలి అక్కడే కూలబడేట్టు ఆపేవాడు. అవసరం లేని బంతికి బ్యాటే చూపించేవాడు కాదు. తర్వాత యూనివర్సిటీలోనే పరీక్షల విభాగంలో ఉద్యోగం వచ్చింది. సొంతంగా బ్యాటు కొనుక్కున్నాడు. అయినా ఆట మారలేదు. వేరేవాళ్ల వస్తువును పట్టుకున్నంత మర్యాదగానే సొంత బ్యాటునూ పట్టుకున్నాడు.

పేరయ్యది తెనాలి. హబ్సిగూడలోని ఒక సైన్సు సంస్థలో టెక్నీషియన్‌గా చేరి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయన బ్యాటింగ్ నేర్చుకున్నది చిన్నప్పుడు తెనాలిలో, వాళ్ల వీధి చివరి ఖాళీ స్థలంలో. వీధి నిండా పిల్లలు, చీకటి పడేలోగా అందరికీ బ్యాటు దక్కాలి. అందుకని మనిషికి ఒక్క ఓవరే. ఆ ఆరు బంతుల్లో వదిలేయడానికి ఏముంటుంది? పడ్డదల్లా కొట్టాడు. పెద్దయ్యాక మైదానంలో రోజంతా ఆడే వీలు దొరికినా, వెనక ఇంకెవరో తన వంతుకోసం నిలబడి ఉన్నట్టే కొట్టాడు.

ఈ ఇద్దరినీ ఒకే జట్టులో ఓపెనర్లుగా పెట్టినవాడెవడో గాని గొప్ప చమత్కారి. క్యాంపస్ మైదానంలో ఆదివారం ఆటలు. ఎర్రటి గట్టి నేల మీద కొబ్బరి పీచు మ్యాట్ పరిచి, అంచుల వెంట మేకులు కొట్టి బిగించేవారు. ఓపెనర్లే వేసుకోవాలని అక్కడి ఆనవాయితీ. మ్యాట్ బిగువుగా ఉంటే బంతి జుమ్మని లేచి బ్యాటు మీదికి వస్తుంది. వదులుగా ఉంటే పట్టుకుని ఆలోచించి వదులుతుంది. పేరయ్య తన కొన నుంచి పళ్లు బిగించి లాగేవాడు. పరుశురాం తన కొనలో మేకును సుతారంగా దించేవాడు.

"ఇంత గట్టిగ గుంజుతె బంతి మొఖానికొస్తది!"

"రావాలనే లాగుతున్నా. నీ వైపు మ్యాట్ మీద నిద్రపోవచ్చు గాని ఆడలేం కదరా."

చివరికి సగం మ్యాట్ తబలా తోలులా, సగం పాత నులకమంచంలా తయారయ్యేది. అవతలి జట్టు బౌలర్లు ఏ కొన నుంచి వేయాలో తేల్చుకోలేక కొట్టుకునేవారు. పేరయ్య రెండో పరుగుకని సగం దూరం పరుగెత్తి తల ఎత్తి చూస్తే, పరుశురాం క్రీజులోంచి కదలకుండా చేయి అడ్డంగా ఊపుతుండేవాడు. అప్పుడు పేరయ్య వెనక్కి తిరిగి పరుగెడుతూ తిట్టిన తిట్లు ఆర్ట్స్ కాలేజీ రాతిగోడల దాకా వినపడేవి. అయినా ఒకడు లేకుండా ఒకడు బ్యాటింగ్‌కు దిగేవాడు కాదు. ఒక ఆదివారం పరుశురాంకు జ్వరమొస్తే, పేరయ్య ఓపెనింగ్ మానేసి కింద దిగాడు. "వాడు ఆపుతాడనే ధైర్యంతోనే కదా నేను కొట్టేది" అన్నాడట. ఆ మాట పరుశురాంతో మాత్రం ఎప్పుడూ అనలేదు.

మోకాళ్లు అరిగాక మైదానం వదిలి దారి పట్టుకున్నారు. పొద్దున్నే పేరయ్య హబ్సిగూడ నుంచి ఒక మెట్రో స్టేషన్ దూరం నడిచి తార్నాక వచ్చేవాడు. ఇద్దరూ కలిసి క్యాంపస్‌లోకి. చెట్ల కింద రాత్రి మంచు ఇంకా ఆరని దారులు, ఎక్కడో పొదల్లో నెమలి కూత, ఆ కూతను మించి వీళ్ల వాదన. టెస్టు మ్యాచ్ ముగిసిన మర్నాటికి వాళ్లకొక కట్టుబాటు ఉండేది. ఎవరి తరహా ఆట ఓడిపోయిందో వాడు చాయ్ దుకాణం వచ్చేదాకా నోరెత్తకూడదు. గెలిచినవాడు ఎంతైనా మాట్లాడొచ్చు. ఇంగ్లండ్ వాళ్లు టెస్టుల్లో కూడా వన్డేలా బాదడం మొదలుపెట్టాక పరుశురాం చాలా పొద్దులు మౌనంగా నడిచాడు. పక్కన పేరయ్య గాలిలో చేతులు తిప్పుతూ ఆ షాట్లన్నీ మళ్లీ ఆడి చూపిస్తుంటే, మనసులో ఒక్కో బంతినీ వదిలేస్తూ.

అలాంటి ఇంగ్లండ్ టెస్టు ఆడడానికి ఉప్పల్ స్టేడియానికి వచ్చింది. సంక్రాంతి వెళ్లిన నెల చివర, ఎండ ఇంకా మెత్తగా ఉన్న రోజులు. ఇద్దరూ మెట్రోలో వెళ్లి పక్కపక్కన కూర్చున్నారు. మొదటి రెండు రోజులూ మనదే పైచేయి. మూడో రోజు ఒక ఇంగ్లండ్ కుర్రాడు బ్యాటు తిరగేసి రివర్స్ స్వీప్ కొట్టడం మొదలుపెట్టాడు.

"చూడు, వీడు మ్యాచ్ తిప్పేస్తాడు" అన్నాడు పేరయ్య.

"గది ఆటనా? రొట్టె తిప్పినట్టు తిప్పుతున్నడు."

తిప్పనే తిప్పాడు. నాలుగో రోజు మనవాళ్లు గెలుపు పరుగుల కోసం దిగి, ఒకరి వెనక ఒకరు కూలిపోయారు. ఏడు వికెట్లు పడ్డాక కీపరూ ఇంకొకతనూ జతకూడారు. అప్పుడు మైదానం మారిపోయింది. ముందుకు అడుగు, మెత్తటి బ్యాటు, కాళ్ల దగ్గరే చచ్చిపడే బంతి. మళ్లీ అదే. మళ్లీ అదే. నీడలు పిచ్ దాకా పాకాయి. పరుశురాంకు ఊపిరి నెమ్మదించింది. నలభై ఏళ్ల కిందటి ఆదివారాలు ఎవరో విప్పి ఎదుట పరిచినట్టుంది.

"ఇగ వీళ్లు ఔట్ గారు" అన్నాడు. "రేపు పొద్దుగాల వద్దాం. ఇప్పుడు లేస్తే మెట్రో మెట్ల మీద జనం ఉండరు, నా మోకాళ్లకు పుణ్యముంటది. ఆట యాడికి పోదు."

పేరయ్య ఒక్క క్షణం మైదానం వైపు చూశాడు. లేచాడు.

స్టేడియం స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద ఉండగా, పక్కవాడి ఫోన్‌లోంచి అరుపు. కీపర్ బౌల్డ్. ఒకసారి బయటికి వచ్చాక మళ్లీ లోపలికి రానివ్వరు. రైలెక్కారు. "ఇంకొకడు ఉన్నడు, నిలబడతడు" అన్నాడు పరుశురాం. రైలు కదిలేలోగా అతనూ స్టంప్ అయ్యాడు. అంపైర్లు అదనంగా అరగంట ఇచ్చారని మరో ఫోన్ చెప్పింది. హబ్సిగూడలో తలుపులు తెరుచుకోగానే పేరయ్య వెనక్కి తిరగకుండా దిగిపోయాడు. ఆ అరగంటలోనే మన చివరి ఆటగాడు ముందుకొచ్చి కొట్టబోయి స్టంప్ అయ్యాడు. ఇంగ్లండ్ గెలిచింది. జీవితమంతా కొట్టే ఆటను నమ్ముకున్న మనిషి, ఆ ఆట తన ఊళ్లో తన కళ్లముందు గెలిచే ఘడియను చూడలేకపోయాడు. కారణం పరుశురాం.

మర్నాడు పరుశురాం క్యాంపస్ గేటు దగ్గర నిలబడ్డాడు, చాయ్ దాకా కాదు, రోజంతా నోరు మూసుకోవడానికి సిద్ధపడి. పేరయ్య రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఫోన్ చేస్తే కాలు నొప్పి అన్నాడు. ఇంకోసారి చేస్తే భార్య కాత్యాయనికి ఒంట్లో బాగాలేదన్నాడు. పేరయ్య రోజూ హబ్సిగూడ పార్కులో తిరుగుతున్నాడని తర్వాత తెలిసింది. పరుశురాం ఇంక ఫోన్ చేయలేదు.

క్యాంపస్ దారులు అలాగే ఉన్నాయి. మైదానం పక్కగా నడుస్తూ నెట్స్‌లో ఆడుతున్న పిల్లలను చూసేవాడు. అందరూ కొట్టేవాళ్లే. "చూసినవారా, వదిలెయ్యనీకె ఒక్కడు లేడు" అనబోయి పక్కకు తిరిగేవాడు. పక్కన ఎవరూ ఉండేవారు కాదు. ఎదురుచెప్పేవాడు లేకపోతే తన ఆట మీద తనకున్న నమ్మకం కూడా గట్టిపడడం లేదని, మెల్లగా పలచబడుతోందని ఆయనకు ఆ నడకల్లో తెలిసింది.

పోయిన వానాకాలం మనవాళ్లు ఇంగ్లండ్ వెళ్లారు. లార్డ్స్‌లో ఒకాయన చివరి బ్యాటర్లను తోడు పెట్టుకుని గంటలు గంటలు నిలబడ్డాడు. చివరికి పదకొండోవాడు బంతిని బ్యాటు నడుమనే ఆపాడు. ఆపిన బంతి వెనక్కి దొర్లి, ఎవరో పిలిచినట్టు వెళ్లి స్టంప్‌కు తగిలింది. ఆపే ఆటకు అంతకంటే అవమానం లేదు. పరుశురాం ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఇంతటి అవకాశం పేరయ్య వదులుకోడు, ఫోన్ చేసి ఏడిపిస్తాడు అనుకున్నాడు. ఫోన్ మోగలేదు. మ్యాచ్ పోయిన దిగులు కంటే ఇది ఎక్కువ గుచ్చుకుంది.

తర్వాత మాంచెస్టర్. మనవాళ్లకు పరుగు రాకముందే రెండు వికెట్లు పోయాయి. ఎట్లాగో నిలదొక్కుకుని ఆఖరి రోజుకు చేర్చారు. అది ఆదివారం. స్వరూప సాయంత్రం చాయ్ ఇచ్చి, టీవీకి ఎదురుగా కూర్చున్న భర్తను చూసింది.

"ఏందయ్యా, ఒక్కనివే తల ఊపుతవు, ఒక్కనివే తిడతవు. గా గోడకు చెప్పే బదులు ఆయనకే చెప్పరాదు?"

"ఆయన వినడు."

"ఎప్పుడు విన్నడు? నలభై ఏండ్లు ఇననోనితోనే మాట్లాడితివి గద."

పరుశురాం చొక్కా తొడుక్కున్నాడు.

హబ్సిగూడలో తలుపు తీసింది కాత్యాయని.

"రండి అన్నయ్యగారూ. ఒక్క స్టేషన్ దాటడానికి ఏడాదిన్నర పట్టిందా?"

లోపల పేరయ్య టీవీ ముందు ఉన్నాడు. తల తిప్పలేదు. కుర్చీ మీది పేపర్ తీసి పక్కన పెట్టాడు. పరుశురాం అందులో కూర్చున్నాడు. తెర మీద ఇద్దరు ఎడమచేతి బ్యాటర్లు ఆపుతున్నారు. ముందుకు అడుగు, మెత్తటి బ్యాటు.

"తప్పు నాదే" అన్నాడు పరుశురాం. "ఆ దినం నేనే లేపుకొచ్చిన. నీకు దక్కాల్సింది దక్కకుండ చేసిన. గది చెప్పనీకే వచ్చిన."

"నువ్వు లేపితే లేచేవాణ్ణా నేను? ఇన్నేళ్లలో నీ మాట ఒక్కటన్నా విన్నానా?"

"లేదు."

"మరి ఆ రోజెందుకు లేచానంటావ్?"

పేరయ్య టీవీ గొంతు తగ్గించాడు.

"నమ్మేశాన్రా. మా వైజాగ్ కుర్రాడు, ఆ కీపర్, ముందుకొచ్చి బంతిని అలా చంపేస్తుంటే, ఇలాగే రేపటిదాకా ఆపితే చాలు దేవుడా అనుకున్నా. సిక్సర్ కొట్టాలని లేదు నాకు. వాడు ఇంగ్లండ్‌వాళ్లలా బాదితే బాగుండనీ అనిపించలేదు. నీకంటే ముందు నేనే నమ్మాను. అందుకే లేచాను. వాళ్లది నా ఆట. అది గెలిచింది. నేను ఓడిపోయిన వైపున్నాను. పొద్దున్నే వచ్చి నీకేమని చెప్పుకోను? నువ్వేమో నేను గెలిచానని నోరు మూసుకుని నడుస్తుంటావాయె."

"గీ మాట గప్పుడే చెప్తే ఏమయ్యేది?"

"నా పరువు పోయేది."

"పోతే పోయేది. నేను ఏడాదిన్నర నెమళ్లతోటి మాట్లాడిన."

పేరయ్య మొహం ఇటు తిప్పాడు. నవ్వలేదు గాని నవ్వుకు దగ్గరగా వచ్చాడు.

కాత్యాయని పకోడీలు తెచ్చింది, తర్వాత చాయ్, ఇంకాసేపటికి పళ్లేలు. ఎడమచేతి వాళ్లు కదల్లేదు. ఇంక గెలవలేమని తెలిసి ఇంగ్లండ్ కెప్టెన్ వచ్చి డ్రాకు చెయ్యి చాపాడు. మనవాళ్లిద్దరూ సెంచరీలకు దగ్గరలో ఉన్నారు. చెయ్యి కలపలేదు, ఆడతామన్నారు.

"ఇది మంచిగ లేదు" అన్నాడు పరుశురాం. "పెద్దమనిషి లెక్క చెయ్యి ఇస్తే అందుకోవాలె. టెస్టుకు ఒక పద్ధతి ఉన్నది."

"ఏంట్రా పద్ధతి?" పేరయ్య కుర్చీ అంచుకు జరిగాడు. "పొద్దుట్నుంచి నిలబడి ఆపినోడికి ఆ నాలుగు పరుగులు ఇవ్వరా? వాళ్లు అలిసిపోతే వీళ్లు ఆపేయాలా? ఆడనీ! ఇంకో రోజైనా ఆడనీ!"

"ఎవరు మాట్లాడుతున్నది? పేరయ్యనేనా?"

"నేనే. ఏం, ఆపే ఆట నీ ఒక్కడి సొత్తా?"

సెంచరీలు రెండూ అయ్యాయి. చేతులు కలిశాయి. వ్యాఖ్యాతలు కూడా చెప్పాల్సింది చెప్పి వెళ్లిపోయారు. పళ్లేల్లో అన్నం చల్లారిపోతుంటే, చెయ్యి కలపడం మర్యాదా కాదా అన్నది అక్కడ ఇంకా తేలలేదు. ఫోన్ మోగింది. స్వరూప.

"మ్యాచ్ అయిపాయె గదయ్యా. ఇంక రావా?"

పరుశురాం నోరు తెరిచేలోగా పేరయ్య ఫోన్ లాక్కున్నాడు.

"చెల్లెమ్మా, వీణ్ణి ఔట్ చేశాకే పంపిస్తా!"

అవతల స్వరూప నవ్వు గది అంతటికీ వినపడింది.

"ఆయనను ఔట్ చేసుడు నీతోటి కాదన్నా. అన్నం పెట్టి, గాడనే పండుకోమను."