చూసిందే రాయాలి

మా పెద్దమ్మ ఎదుట ఎవరూ తల పగిలిపోతోందని అనకూడదు. అన్నారంటే వాళ్ల పని అయిపోయినట్టే. కుర్చీలో కూర్చోబెట్టి, వెలుతురు పడేలా తల వంచి, జుట్టు పాయలు పాయలుగా విడదీసి చూసేది. ఎక్కడా ఏమీ లేదని తేల్చుకున్నాకే కాఫీ ఇచ్చేది.

గ్యాసు సిలిండర్ తెచ్చే అతను మెట్లెక్కి వచ్చి, కాళ్లు విరిగిపోతున్నాయండీ అన్న పాపానికి ప్యాంటు మోకాలి దాకా మడవాల్సి వచ్చింది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, ప్రాణం పోయినంత పనయిందని సోఫాలో కూలబడితే నాడి పట్టుకుని కూర్చుంది. మా ఆడపడుచు ఫోనులో తన అత్తగారు తనను నమిలి మింగేస్తోందని చెప్పుకుంటుంటే, పక్క నుంచి విని, అమ్మాయి ఈ మధ్య బరువు తగ్గిందా అని అడిగింది.

బంధువులు నవ్వుకుంటారు. చాదస్తం అంటారు. ముసలితనంలో మాటకు అర్థం తెలియకుండా పోయిందంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఒళ్లు మండుతుందని కూడా ఆవిడకు వినబడేలా అనను, అది వేరే సంగతి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి. సిమిలీ, మెటఫర్, పర్సనిఫికేషన్ ఆవిడకు నాలుక చివర ఉండేవి. స్కూలంతా ఆవిడను సిమిలీ టీచర్ అనేవారు. ఏది అలంకారమో ఏది కాదో ఆవిడకు తెలియకపోవడం ఏమిటి?

నేను చిన్నప్పుడు పెద్దమ్మ దగ్గరే ఉండి చదువుకున్నాను. ఇంట్లో పెద్దమ్మ, క్లాసులో టీచర్. సొంత పిల్లకు ఎక్కువేసిందంటారని నా మార్కులకు ఎప్పుడూ కోత పెట్టేది. ఆ కోపం నాకింకా పోలేదు.

ఆవిడ క్లాసుకు ఒక్కటే నియమం. చూసిందే రాయాలి. పాలలా తెల్లగా, మంచులా చల్లగా అని రాస్తే ఆ కాగితం చదవకుండానే వెనక్కి వచ్చేది. మీ ఇంట్లో పాలు నిజంగా ఏ రంగులో ఉన్నాయో వెళ్లి చూసి రండి అనేది. శుక్రవారం మధ్యాహ్నం పోయెట్రీ పీరియడ్. ఒక్కొక్కరూ తాము చూసినదాని గురించి రెండు మూడు ఇంగ్లీషు వాక్యాలు రాయాలి. అందులో బాగున్నది వెనక గోడకు అంటించేది. మా క్లాసులో ఆ గోడ ఎక్కినవాళ్ల దర్జా చూడాలి, వారం రోజులు నేల మీద నడిచేవాళ్లు కాదు.

ఆ గోడ కూలిపోతుందని ఇప్పుడే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి చివర్లో భయపెట్టడం నాకు చేతకాదు. గోడ అవతల నీళ్ల ట్యాంకు ఉండేది. దాని గొట్టం ఎన్నాళ్ల నుంచో కారి పునాదిలోకి దిగుతోందని తర్వాత తెలిసింది. అప్పుడు మాకు తెలియదు. మా అందరిలోకీ ఒక్క పిల్ల ఆ గోడ వారనే కూర్చునేది.

ఆ పిల్ల ఏడాది మధ్యలో వచ్చి చేరింది. తండ్రి బస్సు డ్రైవరు. అన్ని బెంచీలూ నిండిపోయాయి కాబట్టి వెనక మూలన, గోడ పక్కన కూర్చోబెట్టారు. మూలబెంచీ అని ఆ పిల్లకు పేరు పెట్టేశాం. ఇంగ్లీషు బొత్తిగా రాదు. వచ్చినవి చిన్న చిన్న వాక్యాలు. మేమంతా డిక్షనరీలో పెద్ద మాటలు వెతుక్కుని చెమటలు కక్కుతుంటే, ఆ పిల్ల గోడ వైపు తిరిగి కాసేపు చూసి నాలుగు ముక్కలు రాసి ఇచ్చేసేది.

మొదటి శుక్రవారం ఇలా రాసింది: గోడ నీళ్లు తాగుతోంది. నాకంటే ఎక్కువ తాగుతోంది.

పెద్దమ్మ ఆ కాగితం పట్టుకుని స్టాఫ్ రూముకు పరుగెత్తిందట. ప్రాణం లేని దానికి ప్రాణం పోయడమంటే ఇదీ అని అందరికీ చదివి వినిపించిందట. సాయంత్రం ఇంట్లో నాకు కూడా క్లాసు పీకింది. చూశావా, ఒక్క కష్టమైన మాట లేదు, అయినా ఎలా ఉందో అంది. నేను కుళ్లుకున్నాను. కాగితం గోడెక్కింది.

తర్వాతి వారం: గోడకు సన్నటి నోరు వచ్చింది. పెన్సిల్ ఇస్తే నిన్న మొన పట్టుకుంది, ఇవాళ సగం తీసుకుంది.

ఆ కాగితం చేతికందగానే పెద్దమ్మ మూలకు వెళ్లింది. అక్కడ సున్నం ఉబ్బి మరకలు పడి వికారంగా ఉందని, అది కప్పబడిపోయేలా సరిగ్గా దాని మీదే అంటించింది. మూలబెంచీ ఏదో అనబోయి ఊరుకుంది. ఆ ఊరుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

సోమవారం వచ్చేసరికి కాగితం చిరిగి ఉంది. మధ్యలో, ఏటవాలుగా, అంచులు ఎగుడుదిగుడుగా. శుక్రవారం గదికి తాళం వేసింది పెద్దమ్మే, తాళంచెవి ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంది. అయినా కుళ్లుబోతు పిల్లల పనేనని మా అందరినీ నిలబెట్టి తిట్టింది. నా వైపు కొంచెం ఎక్కువసేపు చూసింది. కొత్త కాగితం మీద మళ్లీ రాయించి మళ్లీ అంటించింది. అది కూడా చిరిగింది. అదే చోట, అదే ఏటవాలు.

ఆ తర్వాత ఆడపిల్లల నోళ్లు ఊరుకుంటాయా? ఆ మూలన ఎవరో ఉన్నారన్నారు. మూలబెంచీ పక్కన కూర్చునే పిల్ల జ్వరం వంక పెట్టి ముందు బెంచీలో ఇరుక్కుంది. పగలే, ఎండ గదిలోకి పడుతుండగానే, ఆ వైపు చూడాలంటే మాకు వెన్నులో చలి పుట్టేది. మూలబెంచీ మాత్రం ఒక్కతే అక్కడ కూర్చునేది. భయం లేదా అని అడిగాను. వేరే చోటు లేదుగా అంది.

ఆ వారంలోనే మాటలు కట్టే పాఠం వచ్చింది. హోప్ అనే మాటకు చివర ఫుల్ తగిలిస్తే ఆశ నిండుతుంది, లెస్ తగిలిస్తే ఆశ పోతుంది. పెద్దమ్మ బోర్డు మీద రాసి, మీరు కొన్ని కట్టండి అంది. మేం హోమ్‌లెస్, కేర్‌లెస్ అంటూ పుస్తకంలోవే అప్పజెప్పాం. మూలబెంచీ లేచి రూఫ్‌లెస్ అంది. పెద్దమ్మ మెచ్చుకుని ఇంకోటి చెప్పమంది.

"అస్‌లెస్, టీచర్."

"అంటే ఏంటమ్మా?"

"మేము లేనిది. ఈ గది."

అలాంటి మాట ఇంగ్లీషులో లేదని పెద్దమ్మ నవ్వుతూనే చెప్పింది. ఇంకా లేదేమో టీచర్ అని ఆ పిల్ల కూర్చుంది. ఎవరమూ నవ్వలేదు. పెద్దమ్మ సుద్దముక్క కింద పెట్టి, మళ్లీ తీసుకుంది.

ఆ శుక్రవారం కాగితం: బెంచీ గోడ దగ్గరికి నడుస్తోంది. మధ్యాహ్నం గోడ పళ్లు కొరుకుతోంది.

పెద్దమ్మ దాన్ని కూడా అంటించింది. నిజం చెప్పాలంటే ఆవిడ ఆ రోజుల్లో గాల్లో తేలిపోతోంది. ఎన్నేళ్లుగానో వెతుకుతున్న పిల్ల దొరికిందని అమ్మకు ఫోను చేసి చెప్పింది. ఆ పిల్ల పెద్దయ్యాక కవి అవుతుందంది. అంత సంతోషంగా ఆవిడను నేను మళ్లీ చూడలేదు.

పరీక్షలు దగ్గర పడ్డాయి. ఆ మధ్యాహ్నం అలంకారాలు తిరగేస్తున్నాం. పెద్దమ్మ వాక్యం చెప్పడం, మేం దాని పేరు అరవడం. పుస్తకంలోవి అయిపోయాక, మన క్లాసులోదే ఒకటి అంటూ మూలబెంచీ వాక్యం చదివింది. గోడ పళ్లు కొరుకుతోంది. మేమంతా పర్సనిఫికేషన్ అని గోల పెట్టాం. రాసిన మనిషే చెప్పాలి, ఇది పర్సనిఫికేషన్ ఎలా అయిందో, అంటూ పెద్దమ్మ ఆ పిల్లను లేపింది.

మూలబెంచీ లేచింది. బెంచీకీ గోడకీ మధ్య ఆమె నిలబడడానికి చోటు చాలడం లేదు. మొదట్లో అక్కడ మా స్కూలు సంచులు పెట్టుకునేవాళ్లం.

"అది నాకు తెలీదు టీచర్. వినబడింది, రాశాను."

"ఎప్పుడు వినబడింది?"

"ఇప్పుడు కూడా వినబడుతోంది."

పెద్దమ్మ చేతిలో పుస్తకం మూసింది. మేం ఎందుకు ఊపిరి బిగబట్టామో తెలియదు కానీ, బిగబట్టాం. అప్పుడు వినబడింది. సన్నగా, గోడ లోపలి నుంచి, నిద్రలో ఎవరో పళ్లు కొరుకుతున్న చప్పుడు. ఆగింది. మళ్లీ మొదలైంది. ఎవరి బెంచీ మీద నుంచో ఒక పెన్సిల్ కింద పడి, దొర్లుకుంటూ, ఎక్కడా ఆగకుండా మూలకు వెళ్లిపోయింది. తలలన్నీ దాని వెంట తిరిగాయి.

పెద్దమ్మ గది చివరికి నడిచింది. తను అంటించిన కాగితాలను ఒక్కొక్కటిగా కాదు, ఒకేసారి చేత్తో పట్టి లాగేసింది. వాటి వెనక చీకటి ఉంది. ఆవిడ చెయ్యి పెడితే వేళ్లన్నీ లోపలికి పోయాయి. వాటిని బయటికి తీసి చూసుకుంది. తడిసి ఉన్నాయి.

పాఠం మధ్యలో వీలైనంత వరకు ఇంగ్లీషే మాట్లాడే మనిషి అప్పుడు తెలుగులో చెప్పింది. కేక వెయ్యలేదు.

"లేవండమ్మా. సంచులు వద్దు. ముందు బెంచీ నుంచి ఒక్కొక్కళ్లే బయటికి నడవండి."

నడిచాం. గుమ్మం దాటుతూ నేను వెనక్కి చూశాను. మూలబెంచీ ఇరుక్కుపోయి ఉంది. బెంచీ జరగడం లేదు. పెద్దమ్మ బెంచీ మీదకి ఎక్కి, ఆ పిల్ల చంకల్లో చేతులు వేసి పైకి లాగుతోంది. పైనుంచి సున్నం ఇద్దరి జుట్టు మీదా రాలుతోంది. వెనక పిల్ల నన్ను తోస్తే వరండాలో పడ్డాను.

వాళ్లిద్దరూ వచ్చారు. మేం మైదానంలో నిలబడి ఉంటే హెడ్‌మిస్ట్రెస్ చరచరా వచ్చి, పరీక్షల ముందు ఈ తిరుగుళ్లేమిటని పెద్దమ్మను నిలదీసింది. ఆవిడ మాట పూర్తికాలేదు. పెద్ద చప్పుడేమీ రాలేదు. గోడ కూలబడింది. అలిసిపోయిన మనిషి కూలబడినట్టే, ముందు మోకాళ్లు, తర్వాత నడుము. పైకప్పు దాని మీదికి ఒరిగింది. దుమ్ము మా దాకా వచ్చి, మా యూనిఫాములన్నీ ఒకే రంగు అయిపోయాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. మూలన ఆ పిల్ల కూర్చునే బెంచీ ఉన్నచోట ఇటుకలు మాత్రమే కనబడ్డాయి. పెద్దమ్మ ఆ పిల్ల మణికట్టు వదలకుండా పట్టుకునే ఉంది. చాలాసేపటికి, నాకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా అడిగింది.

"ఒక్క మాట నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆ పిల్ల అయోమయంగా చూసింది.

"చెప్పాను కదా టీచర్. ప్రతి శుక్రవారం చెప్పాను. మీరు చాలా బాగుందన్నారు."

పెద్దమ్మ అప్రమత్తత వల్ల పిల్లలు బతికారని స్కూల్లో మీటింగు పెట్టి పొగిడారు. ఆవిడ తల వంచుకుని కూర్చుంది. డ్రైవరుకు ఇంకో డిపోకు బదిలీ అయింది, మూలబెంచీ వెళ్లిపోయింది. ఎక్కడుందో, ఏం చేస్తోందో తెలియదు. మరుసటి ఏడు పెద్దమ్మ పోయెట్రీ పీరియడ్‌ను వేరే టీచర్‌కు ఇచ్చేసి, వ్యాసాలు, ఉత్తరాలు చెప్పుకుంది. సిమిలీ టీచర్ అనే పేరు మెల్లగా పోయింది. ఏ పిల్లయినా తల పగిలిపోతోందంటే చూడడం అప్పుడే మొదలైంది.

ఇప్పుడు పెద్దమ్మ మా ముందు గదిలో మంచం మీద ఉంది. లేవలేదు. మాటలు తగ్గిపోయాయి. నిన్న మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే పిలిచింది.

"నా కాళ్ల దగ్గర ఎవరో కూర్చున్నారే."

కాళ్లలో స్పర్శ తగ్గుతోంది, బరువుగా ఉన్నట్టు అనిపిస్తుంది, పట్టించుకోకండి అని డాక్టరు ముందే చెప్పాడు. అలా అనిపిస్తుందిలే పెద్దమ్మా అన్న మాట నా నోటి దాకా వచ్చింది. వాకిట్లో ఎండ బాగా కాస్తోంది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆవిడ నా మొహం వైపే చూస్తోంది. నేనేం అంటానో అని ఎదురుచూస్తోంది.

బట్టలు పక్కన పెట్టి వెళ్లాను. ఎక్కడ అని అడిగాను. ఎడమ కాలి పక్కన అంది. ఎప్పటి నుంచి అని అడిగాను. పొద్దుటి నుంచి, బరువేం లేదులే అంది.

దుప్పటి తీసి, వంగి చూశాను. ఆవిడ పాదాలకు తగలకుండా పరుపు మీద చెయ్యి వేశాను. అక్కడ పరుపు కొంచెం కుంగి ఉంది.

"అవును పెద్దమ్మా. ఉంది," అన్నాను.

ఆవిడ కళ్లు మూసుకుంది. నేను దుప్పటిని ఆ చోటు వదిలేసి కప్పాను.