నీళ్ల సీసా కాపలా

రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద కూర్చునే ఆవిడని అందరూ అక్క అనే పిలుస్తారు. ఆమెకన్నా పెద్దవాళ్లూ అంతే, సూపర్‌వైజరూ అంతే. నోరు పెద్దది, మనసు అంతకన్నా మెత్తన. పక్క మిషన్ మీది పిల్ల డబ్బా తెచ్చుకోలేదంటే తన డబ్బా అటు తోసేస్తుంది. ఎవరైనా మొహం వేలాడేసుకుని అడిగితే కాదనడం తనకి చేతకాదని తనని తానే తిట్టుకునేది. ఆ చేతకానితనమే కొంప ముంచిందని తమ్ముడు అన్నాడు. ముంచిందో లేదో మొత్తం విన్నాక మీరే చెప్పండి.

తల్లి పోయేనాటికి ఆ తమ్ముడికి ముక్కు తుడుచుకోవడం కూడా సరిగా రాదు. వాణ్ని చంకనేసుకుని పెంచింది. పెళ్లి మాటలప్పుడే, నాతోపాటు వీడూ వస్తాడు, ఇష్టమైతే సరే, లేకపోతే లేదు, అని తెగేసి చెప్పింది. వ్యాన్ నడుపుకునే ఆ పెళ్లికొడుకు పకపకా నవ్వి, ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నమాట, అని ఒప్పుకున్నాడు. మంచి మనిషి. పిల్లలు పుట్టలేదు గానీ, ఆ ఇంట్లో పిల్లాడు లేని లోటు ఎప్పుడూ తెలియలేదు.

పిల్లాడు మొదట్లో పుల్లలా ఉండేవాడు. వీధిలో ఎవడో పట్టుకుని చితకబాదితే ఆ కసితో జిమ్‌కి వెళ్లాడు. ఇక అక్కడే పాతుకుపోయాడు. నేల తుడిచాడు, బరువులెత్తే ఇనుప బిళ్లలు సర్దాడు, చివరికి అక్కడే ట్రైనర్ అయ్యాడు. వంటగదిలో గుడ్ల అట్టలు పైకప్పుకి తగిలేలా పేరుకున్నాయి. ఉప్పూ కారం లేని కోడిమాంసం ఉడికిన వాసనకి బావకి వాంతి వచ్చేది. అయినా నోరు మూసుకుని భరించాడు. మన వీధి పేరు చెబితే కోళ్లు వణుకుతున్నాయట, అని మాత్రం బావమరిదిని ఆటపట్టించేవాడు.

బాడీబిల్డింగ్ పోటీలో వేసుకునే నిక్కరు అక్కే కుట్టేది. సాగే గుడ్డ, బెత్తెడు కూడా ఉండదు. జేబురుమాలు కుడుతున్నావా అక్కా, అని ఫ్యాక్టరీలో ఆడవాళ్లు కిసుక్కుమనేవాళ్లు. మా వాడి సూటూ బూటూ ఇదేనే, అని ఆమే అందరికన్నా గట్టిగా నవ్వేది.

మెడల్స్ చాలానే వచ్చాయి. గోడకి మేకులు చాలలేదు. కానీ వాటితో ఒరిగేదేముంది? వాడికి కావలసింది ప్రో కార్డు. అది ఉన్నవాడే ప్రొఫెషనల్, పెద్ద పోటీలకి అర్హుడు. మిగతావాళ్లంతా ఎంత కండ పెంచినా సరదాకి చేసేవాళ్ల కిందే లెక్క. అది ఇచ్చే పోటీ ఏడాదికి ఒకటి, అన్ని విభాగాల్లోనూ కలిపి అందరిలోకీ గెలిచిన ఒక్కడికే ఇస్తారు. అప్పటికే ముప్పై దాటిన తమ్ముడు ఆ ఒక్కడు కావాలని తిండీ నిద్రా పెళ్లీ అన్నీ దానికే తాకట్టు పెట్టాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. స్టేజీ ఎక్కేముందు వీళ్లు ఒంట్లో నీరంతా పిండేసుకుంటారు. చర్మం కింద తడి లేకపోతేనే కండ గీత గీతగా తేలుతుందట. ముందురోజు నుంచే నీళ్లు బంద్. చాలదన్నట్టు, ఉన్న నీరు పోవడానికి మాత్రలు కూడా మింగుతారు. ఎవడు కనిపెట్టాడో గానీ ఈ విద్య, వాడి నోట మట్టి పడ! ఆ సమయానికి మనిషికి బుద్ధి నిలకడగా ఉండదు కాబట్టి, నీళ్ల సీసా తన దగ్గర పెట్టుకోకుండా నమ్మకస్తుల చేతికిస్తారు. పోయినేడు పోటీకి తమ్ముడు ఆ సీసా అక్క చేతిలో పెట్టాడు.

"అక్కా, రేపు నేను బతిమాలుతాను, ఏడుస్తాను, కాళ్లు కూడా పట్టుకుంటాను. ఏం చేసినా సరే ఇవ్వకు," అన్నాడు.

ఇవ్వనని ఒట్టు పెట్టింది. పెట్టింది గానీ, మర్నాడు స్టేజీ వెనక గదిలో వాణ్ని చూసి ఆమె ప్రాణం ఉసూరుమంది. నేలంతా ప్లాస్టిక్ పట్టాలు, ఒంటికి పూసుకునే గోధుమరంగు మరకలు, ప్రాణం లేనట్టు గోడలకి జారగిలబడ్డ మగవాళ్లు. వాడి పెదాలు పళ్లకి అంటుకుపోయాయి. పిక్క పట్టేసి కాలు వంకర తిరిగింది. ఒక్క గుక్క, ఒక్క గుక్క అంటూ చిన్నప్పుడు జ్వరంలో కలవరించినట్టే అడిగాడు. ఏ అక్క ఊరుకుంటుంది చెప్పండి? మూత తీసి తనే వాడి నోట్లో పోసింది.

వాడికి రెండో స్థానం వచ్చింది.

కడుపు మీద గీతలు మసకబారాయని, ఆ నీళ్లే దెబ్బ కొట్టాయని జిమ్ మాస్టారు తేల్చేశాడు. ఆయనే వాడికి గురువు, దేవుడు. అవతలివాడు వీడికన్నా బాగున్నాడయ్యా, నేనూ చూశాను కదా, అని బావ నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎవరూ వినలేదు. ఇంటికొచ్చాక తమ్ముడు గోడ మీది మెడల్స్ అన్నీ తీసి సంచిలో వేసుకున్నాడు.

"నువ్వు పోసింది నీళ్లు కాదక్కా, విషం," అన్నాడు. ఆ రోజే జిమ్ పైన ఉన్న గదికి మారిపోయాడు.

ఏడాది పాటు మాటల్లేవు. ఫోన్ చేస్తే ఎత్తడు. వెళితే పనుందంటాడు. ఉడికించిన గుడ్లు బావ వ్యాన్‌లో తీసుకెళ్లి ఇచ్చి వచ్చేవాడు. అవైనా తీసుకుంటున్నాడు, అంతే చాలని ఆమె సరిపెట్టుకుంది. పైకి మాత్రం, వాడి పంతం పాడుగాను, వాడిదంతా మా అమ్మ పోలికే, అని ఫ్యాక్టరీలో కొట్టిపారేసేది. అని, మిషన్ మీదకి వంగి కళ్లు తుడుచుకునేది. పోటీ దగ్గరపడ్డాక పాత నిక్కరు నడుం దగ్గర బిగించమని బావ చేత పంపాడు. వెంట ఒక్క ముక్క కబురు లేదు. ఆమె దాని కుట్లు విప్పి, కుట్టి, మళ్లీ విప్పి, బిగించి పంపింది. నడుం అంత సన్నబడిందా అని బావని పదేపదే అడిగింది.

ఈసారి సీసా మాస్టారి చేతిలో పెట్టాడు. నువ్వు రావద్దన్నాడని బావ నసుగుతూ చెప్పాడు. రాకుండా ఎలా ఉంటుంది? అందరిలాగే టికెట్ కొనుక్కుని, మొహం కనపడకుండా చున్నీ కప్పుకుని చివరి వరసలో కూర్చుంది. బావ పక్కన.

స్టేజీ మీద తమ్ముడు మనిషిలా లేడు. చర్మం కాగితంలా అతుక్కుపోయింది, నరాలు తాళ్లలా లేచాయి. నవ్వుతున్నాడు, కానీ కళ్లు ఎటు చూస్తున్నాయో తెలియడం లేదు. చేతులు ఎత్తిన ప్రతిసారీ వణుకుతున్నాయి. హాలంతా ఈలలు. అందరిలోకీ విజేత అని వాడి నంబరే పిలిచారు. అక్క బావ భుజం పట్టుకుని లేచి నిలబడింది, చున్నీ జారిపోయినా చూసుకోలేదు. గెలిచాడు. ఇక కోపం ఎందుకుంటుంది, ఇక మాట్లాడతాడు, అనుకుంది. ఆమెకి కార్డు అక్కర్లేదు. ఆ మాట ఒక్కటే కావాలి.

కార్డు అందుకుని, ఫొటోలకి నిలబడి, మెట్లు దిగుతూ పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే గుండె ఆగిపోయిందన్నారు.

ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో అక్క, బావ, మాస్టారు ముగ్గురూ కూర్చున్నారు. బావ ఏడుస్తున్నాడు. అక్క ఏడవలేదు. మాస్టారి చేతిలో నీళ్ల సీసా ఇంకా అలాగే ఉంది, నిండుగా, మూతకి వేసిన సీలు కూడా తియ్యకుండా. పాపం, ఆయనా కుమిలిపోతున్నాడు. దేహం ఇలా మోసం చేస్తుందని ఆయనకి మాత్రం తెలుసా? తన వంతు తాను సరిగ్గా చేశానని ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా, ఆమెకే చెప్పాడు.

"ఒక్క చుక్క ఇవ్వలేదమ్మా. మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను."

"అడిగాడా?" అంది అక్క.

అడిగాడట. చాలాసార్లు అడిగాడట. కాళ్లు పట్టుకున్నాడట. అన్నీ వాడు ముందే చెప్పినవే కాబట్టి మాస్టారు మనసు రాయి చేసుకున్నాడు. ఆయన ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు. చెప్పండి మాస్టారూ, అని అక్క ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది.

"మా అక్కని పిలవండి, అక్కైతే ఇస్తుంది, అన్నాడు."

"నేను హాల్లోనే ఉన్నాను కదా."

"తెలుసమ్మా. చున్నీ కప్పుకున్నా నిన్ను గుర్తుపట్టాను. అందుకే స్టేజీ వెనక గదికి లోపలి నుంచి గడియ పెట్టించాను."

బావ ఏడుపు ఆపి తలెత్తాడు. ఏడాది పొడుగునా వాడి నోట ఒక్కసారి అక్క అనే పిలుపు వినాలని కాచుకుని ఉంది. వాడు పిలిచాడు. ఆమె చివరి వరసలో చున్నీ సర్దుకుంటూ కూర్చుని ఉంది.