జమున ఎడమ చెయ్యి

వాయుసేనలో జూనియర్ వారెంట్ ఆఫీసర్‌గా రిటైరయ్యాక, నేను హైదరాబాదులోని ఒక డ్రోన్ శిక్షణ సంస్థలో సిమ్యులేటర్ ఇన్‌స్ట్రక్టర్‌గా కొంతకాలం పనిచేశాను. రెండేళ్ల క్రితం ఏప్రిల్‌లో, యాసంగి వరికోతలు సాగుతున్న రోజుల్లో, నన్ను బాన్సువాడకు పంపారు. మహిళా సంఘాల నుంచి వచ్చినవారికి పొలాల మీద మందు కొట్టే డ్రోన్ నడపడం నేర్పాలి. సర్వీసంతా నేను సిమ్యులేటర్ విభాగంలోనే ఉన్నాను. పైలట్లు గాలిలోకి వెళ్లకముందు నేల మీద కూర్చుని తప్పులు చేసే గది అది. ఆ తప్పులు ప్రాణం మీదికి రాకముందే పట్టుకోవడం మా ఉద్యోగం. బాన్సువాడలోనూ అదే పని, కాకపోతే విమానం మంచమంత ఉంటుంది.

గది బస్టాండు దగ్గర, ఎరువుల దుకాణం మీద మొదటి అంతస్తులో. కింద సీసాలు దించినప్పుడల్లా మందు వాసన మెట్లెక్కి వచ్చేది. కంప్యూటర్లు వచ్చాయి గానీ జాయ్‌స్టిక్‌లు ఏవీ కలపలేదు. అంతకుముందు ఎవరో కలపబోయి, బల్ల మీద వైర్లను పేగుల్లా వదిలేసి పోయారు. అది చూడగానే నాకు ఒళ్లు మండింది. నాకు చాదస్తం ఎక్కువని మా ఆవిడ అంటుంది. చాదస్తం లేనివాడు ఈ వృత్తిలోకి రాకపోవడమే మంచిదని నా జవాబు.

విమానం జాయ్‌స్టిక్ ఒకటే కర్ర. డ్రోన్‌ది రెండు చిన్న కర్రలున్న డబ్బా. ఎడమ కర్రను ముందుకు తోస్తే డ్రోన్ పైకి లేస్తుంది, వెనక్కి లాగితే దిగుతుంది, నడుమ వదిలేస్తే ఉన్న ఎత్తులోనే నిలుస్తుంది. ముందుకూ వెనక్కూ పక్కలకూ కుడి కర్ర నడుపుతుంది. డబ్బాను కంప్యూటర్‌కు తగిలించగానే అంతా అయిపోయిందనుకుంటారు. కాలేదు. రెండు కర్రలనూ ముట్టుకోకుండా వదిలేసి, మధ్య ఎక్కడో కంప్యూటర్‌కు చూపించాలి. తర్వాత నాలుగు మూలలకూ నిదానంగా తిప్పి అంచులు చూపించాలి. దీన్ని క్యాలిబ్రేషన్ అంటాం. ఆ పైన ఏ కర్ర ఏ పని చేయాలో సిమ్యులేటర్‌కు చెప్పాలి. పైకి తోస్తే కిందికి దిగుతోందంటే అక్కడ దిశ తిరగబడిందన్నమాట, సరిచేయాలి. చివరిది డెడ్ జోన్. కర్ర నడిమి నుంచి కొంచెం కదిలినా లెక్కచేయని జాగా అది. వేలు వణికితే విమానం వణకకూడదని పెడతారు. అయితే అది కూరలో ఉప్పులాంటిది, పిసరంతే వేయాలి.

శిక్షణకు వచ్చినవాళ్లలో నాకు గుర్తుండిపోయినవాళ్లు ఇద్దరు. లలిత కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు చేసుకుంటున్న కుటుంబంలో కోడలు. అలాంటి రైతుల ఊళ్లను అక్కడ క్యాంపులంటారు. జమునది పెద్ద కొడప్‌గల్ దాటాక వచ్చే ఒక తండా. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు. పదో తరగతి పాసైంది. నాట్లకూ కలుపుకూ కూలికి వెళ్లేది. మొదట్లో ఆమె భర్త క్యాంపు పొలాల్లో కూలికి మందు కొట్టేవాడు. ఒకనాడు పొలంలోనే కళ్లు తిరిగి పడిపోయాడు. దవాఖానాలో బతికి బయటపడ్డాడు గానీ, మళ్లీ మందు జోలికి పోవద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. అప్పటినుంచి అతని మందు పంపు జమున వీపు మీదికి వచ్చింది.

వాళ్లిద్దరి మండలం సంఘాలన్నిటికీ కలిపి వచ్చేది ఒకటే డ్రోన్. దాన్ని నడిపే మనిషిగా జమున పేరు రాశారు, ఆమె కాకపోతే లలిత. శనివారం పరీక్షాధికారి వచ్చి సిమ్యులేటర్ మీద చూస్తాడు. అందులో నెగ్గినవాళ్లే అసలు డ్రోన్ ముట్టుకుంటారు. మొదటిరోజే జమున నాతో ఉన్నమాట చెప్పేసింది.

“గా పంపు మల్ల ఎత్తుకునుడు నాతోని కాదు సార్. పోయినేడు నాగ్గూడ కండ్లు తిరిగినయ్. ఇంట్ల చెప్పలే.”

గాల్లో నిలపడం ఆమెకు ఇట్టే పట్టుబడింది. నాకు సంతోషం వేసింది. తర్వాత పాఠం సాలు పట్టడం. తెర మీద వరి మడి కనిపిస్తుంది, ఒక ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకు ఒకే ఎత్తులో మందు కొట్టుకుంటూ పోవాలి. అక్కడ జమున డ్రోన్ గంతులు వేయడం మొదలుపెట్టింది. లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది, రెండుసార్లు వరిలో కూలబడింది.

“గిదేంది సార్, ఆగుతలేదు. నేనేం జేస్తలేను,” అంది జమున.

అబద్ధం చెప్పే మనిషి కాదు కాబట్టి నేను డబ్బానే అనుమానించాను. మళ్లీ క్యాలిబ్రేట్ చేశాను. తగిలించిన చోటు మార్చాను. నేను నడిపితే డ్రోన్ గీత గీసినట్టు పోయింది. లలితనూ జముననూ చోట్లు మార్చి కూర్చోబెట్టాను. గంతులు డబ్బాతో కాకుండా జమునతోపాటే వెళ్లాయి. అప్పుడు తెర మీది నుంచి చూపు తీసి ఆమె చేతులు చూశాను. ఎడమ చెయ్యి ఒక లయలో పైకీ కిందికీ ఆడుతోంది.

వీపు మీద మోసే పంపుకు పిడి ఎడమ పక్కన ఉంటుంది. కుడి చేత్తో గొట్టం ఆడిస్తూ నడుస్తుంటే, ఎడమ చెయ్యి ఆ పిడిని పైకీ కిందికీ కొడుతూనే ఉండాలి. ఆపితే మందు ఆగిపోతుంది. ఏళ్ల తరబడి అదే పని. తెర మీద వరి మడి కదలగానే జమున చెయ్యి ఆమెను అడగకుండానే పంపు కొడుతోంది. చూపించి చెబితే చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

నాకిది కొత్త కాదు. ఒక రకం విమానం నుంచి మరో రకానికి మారిన పైలట్లు, పాత విమానంలో ఏ మీట ఎక్కడుండేదో అక్కడికే చెయ్యి పోనిచ్చేవారు. ఎంతో పేరున్నవాళ్లు కూడా. అందుకే జమునది తెలివితక్కువతనమని నాకు ఒక్క క్షణమైనా అనిపించలేదు.

ఆ శిక్షణ కేంద్రం నిర్వాహకుడికి అనిపించింది. “పుట్టుకతోని వచ్చిన బుద్ధి పుడకలతోనే పోతదంటరు సార్. గామె చెయ్యి గంతే. జర గా డెడ్ జోన్ పెంచుండ్రి, ఇగ ఫికరే లేదు. ఎవలు చూస్తరు?” అన్నాడు.

చేయవచ్చు. డెడ్ జోన్ బాగా పెంచితే ఎడమ చెయ్యి ఎంత ఆడినా సిమ్యులేటర్ పట్టించుకోదు. శనివారం పరీక్ష గట్టెక్కుతుంది. జమున అక్కడే నిలబడి అంతా విన్నది.

“పెంచరాదు సార్. నాకోసం,” అని మెల్లగా అడిగింది.

ఆ మాటకు మెత్తబడకపోవడం నాకు కష్టమైంది. కానీ పొలంలోని డ్రోన్‌కు నేను దొంగతనంగా పెంచిన డెడ్ జోన్ ఉండదు. బరువైన రెక్కలు గిర్రున తిరుగుతుంటాయి, పక్క మడిలో మనుషులుంటారు. పెంచనని చెప్పాను. నీ చెయ్యి కుదిరితేనే పంపిస్తాను, కుదరకపోతే నేనే ఆపుతాను అన్నాను. ఆమె వెళ్లి డబ్బా ముందు కూర్చుంది. ఆ రోజు నా మీద నాకే చిరాకేసింది, ఆపడం తప్ప దారి ఏదీ చూపలేకపోయినందుకు.

మర్నాడు చేతిని బిగబట్టమన్నాను. ఇంకా ఎక్కువ ఆడింది. నెమ్మదిగా నడపమంటే నెమ్మదిగా పంపు కొట్టింది. శుక్రవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. అందరూ చాయ్ తాగుతున్నారు. లలిత గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“మాస్టారూ, ఒక మాట చెప్పనాండీ? నాట్లప్పుడు జమున మా చేలోకి వస్తుంది. అప్పుడు చూడాలి తన ఎడమ చెయ్యి. నారు కట్ట పట్టుకుందంటే కదలదండీ. బొటనవేలు ఒక్కటే మొక్కల్ని అందిస్తుంటుంది, పని చేసేదంతా కుడి చెయ్యే.”

జమున నవ్వింది. “గది నాటు అక్కా. నాటేసేటప్పుడు ఎడమ చెయ్యి ఊపుతమా, నారు ఆగమైపోదా?”

నేను చాయ్ పక్కన పెట్టేశాను. అప్పటిదాకా ఎడమ కర్ర తల మీద బొటనవేలు మోపి నడపమని చెబుతూ వచ్చాను, చాలామంది అలాగే నడుపుతారు. మరో పద్ధతి ఉంది. కర్రను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చిటికెతో పట్టుకోవచ్చు. కరెంటు రాగానే జమునను అలా పట్టుకోమన్నాను. ఇది పంపు పిడి కాదు, నారు కట్ట అనుకో, కుడి చేత్తో నాటేసుకుంటూ పో అన్నాను. ఆమె కుర్చీలోనే నడుము వంచి, తెర మీదికి ఒంగింది. డ్రోన్ మడి సగం దాకా నిలకడగా పోయి, ఒక గంతు వేసి, మళ్లీ కుదురుకుంది. సాయంత్రానికి గంతులు పోయాయి.

శనివారం పరీక్షాధికారి నియమాల మనిషి. వీపు నిటారుగా పెట్టి కూర్చోమన్నాడు జమునను. పరీక్ష నిబంధనల్లో చేతుల గురించీ చూపు గురించీ ఉంది గానీ వీపు గురించి ఎక్కడా లేదని మర్యాదగానే మనవి చేశాను. నా చాదస్తం అప్పుడు పనికొచ్చింది. ఆయన డబ్బా తానే క్యాలిబ్రేట్ చేశాడు, డెడ్ జోన్ తెరిచి చూశాడు, తర్వాత మొదలుపెట్టమన్నాడు. జమున వంగే నడిపింది. ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకు, తిరిగి ఇవతలికి, ఒకే ఎత్తులో. నెగ్గినట్టు ఆయన చెప్పాక కూడా కాసేపు ఆమె ఎడమ చెయ్యి కర్రను వదల్లేదు.

ఆ సాయంత్రం వైర్లు చుట్టి పెడుతుంటే లలిత తన సంచీ తీసుకోవడానికి వచ్చింది. జమున ఆగిపోతే డ్రోన్ నీకే వచ్చేది కదమ్మా, ఎందుకు చెప్పావని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది.

“వాళ్లాయన పడిపోయింది మా చేలోనే మాస్టారూ. ఆ వేళ మందు కలిపిచ్చింది నేను,” అంది.

ఆ వానకాలంలో జమున డ్రోన్‌తో మొదట మందు కొట్టింది లలిత వాళ్ల పొలానికేనని తర్వాత నిర్వాహకుడు ఫోన్‌లో చెప్పాడు.

ఆ సంస్థలో పని మానేసేలోపు ఇంకా కొన్ని ఊళ్లలో నేర్పాను. యంత్రానికి మధ్య ఎక్కడో చూపించాకే పని మొదలుపెట్టాలని మొదటినుంచీ తెలుసు. మనిషి చేతికీ అలాంటిది ఒకటి ఉంటుందని, దాన్ని ఆ మనిషి పాత పనుల్లోనే వెతకాలని బాన్సువాడలో తెలిసింది. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా, వైర్లు తీయకముందే ఒక్కొక్కరినీ అడిగేవాణ్ణి, ఇన్నాళ్లూ ఏ చేత్తో ఏ పని చేశారని. డెడ్ జోన్ మాత్రం ఎవరికీ పెంచలేదు.