తెర కింద పేర్లు

అనుమతి లేకుండా పరాయి దేశాల నుంచి వచ్చే టీవీ చానళ్లను, ఫోన్లో చూసే ప్రసారాలను వెతికి, వాటిని నియంత్రించే కార్యాలయానికి జాబితా పంపడం నా ఉద్యోగం. ఒకప్పుడు మా తాత ఎదుట ఊళ్లో ఎవరూ కూర్చునేవారు కాదు. నేను ఆ రోజు ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు బస్సులో, ముగ్గురి సీటులో ఇరుక్కుని వెళ్తున్నాను.

పక్కనున్న బురఖా పెద్దావిడ తన ఫోను నా చేతిలో పెట్టింది. గల్ఫ్ చానల్ ఒకటి నడుస్తోంది. అక్కడి జైళ్ల నుంచి విడుదలయ్యే మనవాళ్ల పేర్లు తెర కింద ఇంగ్లీషులో కదులుతున్నాయి.

"రోజూ ఎవరో ఒకరితో సదివించుకుంటాండా అప్పా. మా ఇంటాయన పేరు నేను పలకను, ఇందులో జూడు," అంటూ ఆధార్ జిరాక్సు ఇచ్చింది. ఆయన అక్కడ డ్రైవరట. యాక్సిడెంటు కేసులో లోపల వేశారట.

నాకు ఒకరు పని చెప్పడం అలవాటు లేదు. అయినా చదివాను.

"గట్టిగా సదువప్పా, నోట్లోనే నమిలితే నాకేం తెలుస్తాది?"

ఒకచోట కార్డులోని పేరే వచ్చింది, షేక్ మస్తాన్ అని. ఆమె ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది. తెర మీద పక్కనే ఉన్న తండ్రి పేరు మాత్రం కార్డులోది కాదు. చెప్పాను. మెల్లగా వదిలేసింది.

"రేపు గూడా వస్తాది గదా ఇది?"

ఆ చానల్ పేరు ఆ ఉదయమే జాబితాలో రాశాను. కాగితం నా ఒళ్లో సంచిలోనే ఉంది.

"వస్తుందమ్మా," అన్నాను.

జమ్మలమడుగులో దిగి జాబితా అలాగే పంపాను. నెల తిరక్కుండా ఆ చానల్ ఆగిపోయింది.

ఆస్తి పోయినా మా ఇంట్లో మాట పోలేదని నేను అందరితోనూ అనేవాణ్ణి. ఆ తర్వాత ఎవరితోనూ అనలేదు.