కట్టు మార్చే వేళ గౌరమ్మక్క

నిన్న మనవరాలి ఒరుసుకుపోయిన చర్మానికి జింకు లేపనం రాస్తుంటే, ఆ చల్లని సుద్ద వాసనకు గౌరమ్మక్క గుర్తుకొచ్చింది. మా మారిషస్‌కు స్వాతంత్ర్యం రావడానికి కొన్నేళ్ళ ముందటి మాట. నేను పిటాన్ ఊళ్ళో పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. నాకు పేగు మెలిపడితే ఆసుపత్రిలో పొట్ట కోసి సరిచేశారు. వారం తిరక్కుండానే కుట్ల మధ్యనుంచి పేగులోని పసరు కారడం మొదలైంది. "ఇప్పుడు మళ్ళీ కోస్తే ప్రాణానికే ముప్పు. ఆ రంధ్రం దానంతటదే మూసుకునేదాకా ఆగాలి," అన్నాడు డాక్టరు.

పసరు తగిలిన చోటల్లా చర్మం కాలినట్టు పుండయ్యేది. ఆ వాసనకు పక్క మంచాలవాళ్ళు అటు తిరిగి పడుకునేవారు. ట్రియోలే ఊరి నుంచి బస్సులో వచ్చే నర్సు గౌరమ్మక్క మాత్రం నా పక్కనే కూర్చుని, గొట్టంతో పసరు లాగి, చర్మం తుడిచి ఆరబెట్టి, లేపనం మందంగా పట్టించేది. ఆమె ముఖం చిట్లించగా ఒక్కసారీ చూడలేదు.

తాగిందల్లా పొట్టమీదికే వస్తోందన్న సిగ్గుతో నేను గ్లాసులో నీళ్ళు చాటుగా పారబోయసాగాను. నా ఎండిన నాలుక చూసి ఆమె కనిపెట్టేసింది. కోప్పడలేదు. చేతికి సెలైన్ సూది పెడుతూ, "సిగ్గు ఎందుకు చెల్లీ? నీళ్ళు మానేస్తే పుండు మానదు. తాగేది నీ పని, తుడిచేది నా పని. పా పేర్," అంది. భయపడకు అనడానికి ఆమెకు మా ద్వీపంలోని క్రియోల్ భాషే ముందు నోటికొచ్చేది.

భజన పాటలన్నీ కంఠస్థమైనా ఆమెకు తెలుగు చదవడం రాదు. "కట్టు మార్చేటప్పుడు రోజూ నాకు ఒక అక్షరం చెప్పు. నొప్పి మీదికి మనసు పోదు," అంది. 'అ' నేర్పిన నాడు గుడ్డలు తడిసి ముద్దయ్యాయి. 'ట' వచ్చేసరికి పొద్దున కట్టిన కట్టు సాయంత్రందాకా నిలిచింది. 'ళ' రాసిన ఉదయం కట్టు విప్పి, ఆమె గుడ్డను వేళ్ళతో తడిమి చూసింది.

"సెక్," అంది. క్రియోల్‌లో పొడిగా ఉందని. ఇద్దరం ఏడ్చాం.

తర్వాత ఆమె ఇంగ్లండు ఆసుపత్రికి పనికి వెళ్ళిపోయింది. మళ్ళీ చూడలేదు. ఆమె తీరు మాత్రం నా చేతుల్లో ఉండిపోయింది. ఒకనాడు తరగతిలో ఒక పాపకు కూర్చున్నచోటే విరేచనమైంది. తక్కినవాళ్ళు ముక్కు మూసుకుని నవ్వారు. నేను ఆ పాపను పెరట్లోకి తీసుకెళ్ళి, కబుర్లు చెబుతూ కడిగాను.

"మిస్, మీకు వాసన రాదా?" అని అడిగింది.

"వస్తుంది తల్లీ. దానికేం," అన్నాను.