మస్తానన్న ఆపిన అద్దాలు

నిన్న పొద్దున తొమ్మిదింటికి మస్తానన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు. కిటికీల పని లేటయిందని తిట్టాడు. పదిన్నరకు వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి, "అన్న పోయినాడు" అన్నాడు.

ఏ అన్న అని అడిగాను. నిజంగా అడిగాను.

హార్ట్ అటాక్. సాయంత్రం వాళ్ల ఊరు కోటలో మట్టి ఇచ్చి వచ్చాం. అప్పట్నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

తెలియనివాళ్లకు చెప్తున్నా. మస్తానన్న ఆర్కిటెక్ట్. నేను ఆయన దగ్గర పదకొండేళ్లుగా సైట్ ఇంజినీర్‌ని.

ఆయన చివరి బిల్డింగ్, పులికాట్ సరస్సు ఒడ్డున జాలర్ల కుప్పంలో స్కూలు, సగంలో ఉంది. సముద్రం వైపు చిన్న చెక్క కిటికీలు. గాలికి ఇటుక జాలీ. వరదొస్తే నీళ్లు కిందనుంచి పోయేటట్టు అంతా పిల్లర్ల మీద.

స్కూలు కమిటీవాళ్లకేమో టౌన్‌లో లాగా ముందంతా అద్దాలు కావాలి. ఇన్నాళ్లూ ఆయనే పోట్లాడి ఆపాడు.

చిన్నప్పుడు తుపానుకు వాళ్లింటి తలుపు ఎగిరిపోయి పొలంలో పడిందట. వడ్రంగి అయిన వాళ్ల నాన్న సొంతంగా చేసిన తలుపు! ఆ గాలిని ఆయన ఏ ప్లాన్‌లోనూ మర్చిపోలేదు.

ఉప్పునూ అంతే. ఏ సైట్‌కు వెళ్లినా ముందు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేవాడు. ఇసుక కూడా నాకేవాడు. మేస్త్రీలు ఒకటే నవ్వు.

ఒకసారి ట్యాంకర్ రాలేదని నేను రొయ్యల గుంట పక్కన బోరు నీళ్లతో కాంక్రీట్ కలిపించాను. ఆయన వచ్చి రుచి చూసి, రెండు పిల్లర్లు పగలగొట్టించాడు.

"ఏందబ్బయా, సముద్రం పక్క చిల్లకూరోడివి, ఉప్పు లోపలి ఇనప కమ్మీని తినేస్తాదని నీకు నేను చెప్పాల్నా?"

అందరి ముందూ! నేను ట్యాంకర్‌వాడికి ఫోన్ చేసుకుంటూ పక్కకు వెళ్లిపోయాను. నాకు గొడవలంటే మొదట్నుంచీ భయం. నాలుగో రోజు ఆయనే మా ఇంటికొచ్చి, అమ్మ చేత చేపల పులుసు పెట్టించుకుని తిని వెళ్లాడు. సారీ మాత్రం చెప్పలేదు. ఎంత మొండిమనిషో.

ఇవాళ పొద్దున కమిటీ పెద్దాయన ఫోన్. "పాపం, మంచాయన. ఇప్పుడన్నా అద్దాలు పెట్టిచ్చేద్దామా?"

ఒక్కరోజు ఆగలేకపోయారా? ఒళ్లు మండిపోయింది.

"పెట్టేది లేదు" అని అరిచాను. నా గొంతేనా అనిపించింది. ఆయన ఫోన్ పెట్టేశాడు.

రేపు వెళ్లి వాళ్ల ముందు కూర్చుంటాను. నన్ను తీసేసినా తీసేస్తారు. వెళ్తాను.

అన్నా, నీ వంతు పోట్లాట అయిపోయింది. ఇక హాయిగా పడుకో.

అల్లా నీకు శాంతినివ్వాలి.

నాకు మాత్రం ఆ శాంతి ఇప్పుడే వద్దు. స్కూలు పూర్తికానీ.